నీడల మధ్య ఒంటరివాడు: క్లారో రెక్తో స్పానిష్ నాటకాలు

మనీలాలో రెక్తో అవెన్యూ అనగానే అక్కడి విద్యార్థులకు పాత పుస్తకాల దుకాణాలు గుర్తొస్తాయి. తక్కువ ధరకి పాఠ్యపుస్తకం కొనాలన్నా, చదివేసినది అమ్ముకోవాలన్నా ఆ వీధికే వెళ్తారు. నగరంలోని ఒక రైలు మార్గానికి ఆఖరి స్టేషను పేరు కూడా రెక్తోయే. ఆ పేరు రోజుకి ఎన్నిసార్లు నోట్లో నలుగుతుందో లెక్కలేదు. ఆ పేరుగల మనిషి, ఫిలిప్పీన్ రాజకీయ నాయకుడు క్లారో రెక్తో, రాసిన నాటకం చదివినవాళ్లు మాత్రం చాలా అరుదు.

ఆ దారికి 1961లో ఆ పేరు పెట్టారు. అంతకుముందు అస్కార్రాగా అనేవాళ్లు. 1893లో తెరిచిన సోరిల్యా నాటకశాల ఇప్పటి ఈ దారి మీదే ఉండేది. దానికి స్పెయిన్ నాటకకర్త హోసే సోరిల్యా పేరు పెట్టారు. స్పానిష్ నాటకాలు ఆడిన ఆ హాలు ఇప్పుడు లేదు. స్పానిష్‌లో నాటకాలు రాసిన ఫిలిప్పీన్ మనిషి పేరు దారికి మిగిలింది. ఆ గౌరవం సెనేటరుకి దక్కింది, రాజ్యాంగసభ అధ్యక్షుడికి దక్కింది. రెక్తో జీవితచరిత్రలన్నీ అక్కడే ఆగుతాయి. నాటకాల ప్రస్తావన వస్తే "యవ్వనంలో సాహిత్యాభిరుచి ఉండేది" అని ఒక వాక్యం రాసి ముందుకి సాగిపోతాయి. అది పొరపాటని నా అభిప్రాయం. తరవాతి నలభై ఏళ్లూ ఆయన రాజకీయాల్లో ఏ గొడవ పడ్డారో, ఆ గొడవ మొదట రంగస్థలం మీదే మొదలైంది.

పేరు పలకడం గురించి ఒక్క మాట. ఇంగ్లీషు మీదుగా వచ్చేసరికి మనం "రెక్టో" అని రాస్తాం. స్పానిష్ "త"కారం, "ద"కారం మన త, ద లాగానే పళ్లకి నాలుక తగిలి పలుకుతాయి, టకార డకారాలు ఆ భాషలో లేవు. కాబట్టి రెక్తో, దమాస్కో, సాంతో తోమాస్. స్పానిష్‌లో "క్లారో" అంటే స్పష్టమైనది, "రెక్తో" అంటే నిటారైనది, వంకర లేనిది. పుట్టుకతో వచ్చిన పేరే అది, కలంపేరు కాదు. కలంపేరు వేరే ఉంది, దాని సంగతి తరవాత.

1890 ఫిబ్రవరి 8న తయబాస్ రాష్ట్రంలోని తియాఓంగ్‌లో పుట్టారు. ఆ రాష్ట్రాన్నే ఇప్పుడు కెసోన్ అంటున్నారు, దేశంలో కొబ్బరికి పేరుపడ్డ నేల. తల్లిదండ్రుల మూలాలు పక్కనున్న బతంగాస్‌లో, తండ్రిది రొసారియో, తల్లి మికయేలా మాయోది లిపా. ఇంటి భాష బతంగాస్ యాస తగలోగ్. చదువు భాష స్పానిష్. ఎనిమిదేళ్ల వయసులో దేశం స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతికి మారింది. 1901లో థామస్ అనే ఓడలో సుమారు 500 మంది అమెరికన్ ఉపాధ్యాయులు దిగి, ఊరూరా ఇంగ్లీషు బడులు మొదలుపెట్టారు. రెక్తో మాత్రం ఆ బడుల దారిన వెళ్లలేదు. లిపాలో, తరవాత మనీలాలో జెసూట్ పాదిరీల కళాశాల అతెనేయోలో స్పానిష్ మాధ్యమంలోనే చదివి 1909లో అత్యున్నత శ్రేణిలో పట్టా పుచ్చుకున్నారు. 1611లో పుట్టిన సాంతో తోమాస్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తిచేసి 1914లో వకీలయ్యారు.

ఇక్కడ చాలామంది ఒక లెక్క తప్పుతారు. స్పెయిన్ 1565 నుంచి 1898 వరకు, 333 ఏళ్లు ఏలింది కాబట్టి ఆ కాలమంతా ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ సాహిత్యం వెల్లివిరిసిందనీ, అమెరికా రాగానే ఆగిపోయిందనీ అనుకుంటారు. జరిగింది దాదాపు తలకిందులు. స్పెయిన్ ఏలుబడిలో జనంలో ఎక్కువమందికి స్పానిష్ రాలేదు. మతగురువులు స్థానిక భాషలు నేర్చుకుని ప్రచారం చేశారు, ప్రజలకి స్పానిష్ నేర్పాలన్న శ్రద్ధ పెట్టలేదు. ఊరూరా ప్రాథమిక బడి ఉండాలన్న శాసనం 1863లో గాని రాలేదు. ఆ బడుల్లో చదివిన తరం, వాళ్ల పిల్లల తరం కలం పట్టేసరికి పాలకులు మారిపోయారు. అందుకే సాహిత్య చరిత్రకారులు ఫిలిప్పీన్ స్పానిష్ సాహిత్యానికి స్వర్ణయుగమని పిలిచే కాలం 1898 నుంచి 1941 వరకు, అంటే పూర్తిగా అమెరికా కాలం.

ఈ తరానికి స్పానిష్ పాత దొర భాషే. కొత్త దొర వచ్చాక అదే ధిక్కారభాషగా మారింది. 1908 అక్టోబరు 30న "ఎల్ రెనసిమియెంతో" పత్రిక "వేటపక్షులు" అనే అర్థం వచ్చే సంపాదకీయం వేసింది. అమెరికన్ కమిషనర్ డీన్ వూస్టర్ అది తన మీదే రాశారని పరువునష్టం దావా వేశారు. పత్రిక మూతపడింది. అప్పటికి రెక్తోకి పద్దెనిమిదేళ్లు, అతెనేయోలో చదువుతున్నారు. అమెరికన్లని స్పానిష్‌లో విమర్శిస్తే ఏం జరుగుతుందో ఆ తరం కళ్లారా చూసింది, అయినా మానలేదు. రెక్తో "ఎల్ ఇదెయాల్", "లా వాన్‌గ్వార్దియా" పత్రికల్లో అరిస్తెయో ఇలారియో అనే కలంపేరుతో వ్యంగ్య శీర్షిక నడిపారు. దాని పేరు "ప్రిమేరాస్ క్వార్తీల్యాస్". క్వార్తీల్యా అంటే విలేకరులు రాతకి వాడే చిన్న కాగితం ముక్క. మొదటి కాగితాలు అని చెప్పుకోవచ్చు.

1911లో, ఇరవై ఒకటో ఏట, "బాహో లోస్ కొకొతేరోస్" కవితాసంపుటి వేశారు. "కొబ్బరిచెట్ల కింద" అని అర్థం. పుట్టిన రాష్ట్రం ఆ పేరులోనే ఉంది.

కవిత్వం సరే, నాటకం ఎందుకు? అప్పటి మనీలాలో నాటకం మూడు దారుల్లో నడుస్తోంది. మొదటిది కొమేదియా, క్రైస్తవ రాజులు, మూర్ల (ముస్లింల) యుద్ధాలు, రోజుల తరబడి సాగే పద్యనాటకం, స్థానిక భాషల్లో. రెండోది సర్సువేలా, మాటలూ పాటలూ కలిసిన సంగీత నాటకం. ఇది 1880 ప్రాంతంలో స్పెయిన్ నుంచి వచ్చిన బృందాలతో దిగి, ఇరవై ఏళ్లు తిరిగేసరికి తగలోగ్ సొత్తయిపోయింది. సెవెరీనో రెయెస్ రాసిన "వాలాంగ్ సుగత్" 1902 జూన్ 14న లిబెర్తాద్ నాటకశాలలో ఆడాక ఇక తిరుగులేదు. మూడోది స్పానిష్ వచననాటకం. దీని ప్రేక్షకులు తక్కువ, వకీళ్లు, వైద్యులు, పత్రికలవాళ్లు, పాత కుటుంబాలు. రెక్తో రాసింది ఈ మూడో రకానికి చెందిన రంగానికి.

రాజకీయంగా వేడి పుట్టించింది తగలోగ్ నాటకమే. 1901 నవంబరులో వచ్చిన రాజద్రోహ చట్టం స్వాతంత్ర్యం మాటెత్తడమే నేరం చేసింది. 1903 మే నెలలో అవురేలియో తొలెంతీనో తన "కహాపోన్, ంగయోన్ అత్ బుకాస్" ఆడించి అరెస్టయ్యారు. నిన్న, నేడు, రేపు అని ఆ పేరుకి అర్థం. అక్కడ అమెరికా ఒక పాత్రగా వేదిక ఎక్కింది. స్పానిష్ నాటకానికి అంత జనం లేరు, కాబట్టి అంత భయమూ లేదు. అది బయట వీధిలోని జెండాని వదిలి, ఇంట్లో భోజనాల గదిలోకి వచ్చిన మార్పుని పట్టుకుంది.

దీనికి ముందు ఫిలిప్పీన్ చేతుల్లో స్పానిష్ నాటకానికి ఒక మంచి నమూనా ఉంది, ఫిలిప్పీన్ జాతీయ వీరుడు హోసే రిజాల్ విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన రెండు చిన్న రచనలు. 1880లో మనీలా సాహిత్య సంఘం స్పెయిన్ రచయిత సెర్వాంతెస్ వర్ధంతికి పెట్టిన పోటీలో "ఎల్ కొన్సేహో దె లోస్ దియోసెస్", దేవతల సభ, మొదటి బహుమతి గెలిచింది. హోమర్, వర్జిల్, సెర్వాంతెస్ ముగ్గురిలో ఎవరు గొప్ప అని జూపిటర్ సభ పెడతాడు, దేవతలు వాదించుకుంటారు. చివరికి ముగ్గురినీ సమానులుగా తేల్చి బూర హోమర్‌కి, వీణ వర్జిల్‌కి, లారెల్ కొమ్మ సెర్వాంతెస్‌కి ఇస్తారు. బహుమతిగా సెర్వాంతెస్ బొమ్మ చెక్కిన బంగారు ఉంగరం ఇచ్చారు. పందొమ్మిదేళ్ల రిజాల్ అదే ఏడాది డిసెంబరు 8న, అతెనేయోలో మేరీమాత పండగకి, "హుంతో అల్ పాసిగ్" ఆడించారు. పాసిగ్ నది పక్కన అని అర్థం. సంగీతం బ్లాస్ ఎచెగోయెన్ కూర్చారు. అందులో రిజాల్ వాడిన పద్ధతిని గమనించాలి. స్పెయిన్ ఏలుబడిలో ఈ నేల పడే బాధల గురించి కటువైన మాటలు సైతాను నోట పెట్టారు. చెడ్డ పాత్ర చెడ్డ మాటలే కదా అంటుంది అని పాదిరీలు ఊరుకోవాలి, వినేవాళ్లు వినాల్సింది వినాలి. సెన్సారు కింద రాసే నాటకకర్తకి ఇంతకంటే ఉపయోగపడే ఎత్తు లేదు.

రెక్తో నాటకాలు రెండూ 1910ల నాటివి. "లా రూతా దె దమాస్కో" అంటే దమస్కు దారి. తెలుగు బైబిలు చదివినవాళ్లకి వెంటనే తెలుస్తుంది, అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం. క్రైస్తవుల్ని పట్టుకోడానికి దమస్కు వెళ్తున్న సౌలు దారిలో వెలుగు చూసి పడిపోయి, లేచాక పౌలు దారి పట్టినవాడు. స్పానిష్‌లో ఈ మాట జాతీయంగా స్థిరపడింది. మనసు ఒక్కసారిగా మారిపోయిన ఘట్టాన్ని ఎవరిదైనా సరే దమస్కు దారి అంటారు. అప్పటి ప్రేక్షకుడు టిక్కెట్టు కొనేటప్పుడే ఈ నాటకంలో ఒక మనిషి మారబోతున్నాడని తెలిసి లోపలికి వెళ్తాడు. కాబట్టి మారతాడా లేదా అన్నది ఆసక్తి కాదు. ఎక్కడ, ఏ మాట దగ్గర మారతాడన్నదే ఆసక్తి.

రెండోది 1917 నాటి "సోలో ఎంత్రే లాస్ సొంబ్రాస్". అప్పటికి ఆయన తొలి ఫిలిప్పీన్ సెనేటుకి న్యాయ సలహాదారు. ఇరవై ఏడేళ్లు. అమెరికన్ జీవనపద్ధతి ఫిలిప్పీన్ కుటుంబంలోకి వచ్చినప్పుడు పాత విలువలకీ కొత్త విలువలకీ మధ్య ఇల్లు ఎలా నలుగుతుందన్నది ఇతివృత్తం. ఇంగ్లీషులో దీని పేరు "నీడల మధ్య ఒంటరిగా" అన్న అర్థంలో చలామణీ అవుతుంది. ఆ అనువాదంలో ఒక ముఖ్యమైన సమాచారం జారిపోయింది. స్పానిష్ విశేషణానికి లింగం ఉంటుంది. "సోలో" మగవాడికి, "సోలా" ఆడమనిషికి. అంటే నాటకం చివర్లో ఎవరు మిగులుతారో పేరే చెప్పేస్తోంది, ఒక మగవాడు. తెలుగులో "ఒంటరిగా" అంటే ఇంగ్లీషు చేసిన తప్పే మనమూ చేస్తాం. "ఒంటరివాడు" అనాలి.

ఆ మాట దగ్గర ఇంకో ఇరుకుంది. పాత వర్ణక్రమంలో "సోలో"లోని మొదటి ఓకారం మీద స్వరచిహ్నం పెడితే "కేవలం" అని అర్థం, పెట్టకపోతే "ఒంటరి". కొన్ని కాటలాగుల్లో, వ్యాసాల్లో ఆ గీత అనవసరంగా ఎక్కి కూర్చుంది. గీతతో చదివితే "నీడల మధ్య మాత్రమే" అవుతుంది, నాటకం పేరే మారిపోతుంది. ఇక "సొంబ్రా". మన "నీడ"లో ఆశ్రయం అనే అర్థం కూడా ఉంది, తలదాచుకోవడానికి నీడ అంటాం. స్పానిష్‌లోనూ చెట్టునీడ సొంబ్రాయే, కానీ బహువచనంలో "సొంబ్రాస్" అన్నప్పుడు చీకటి, మసక, పోయినవాళ్ల ఛాయలు ముందుకొస్తాయి. తెలుగులో "నీడల" అన్న బహువచనం ఆ చల్లదనాన్ని కొంత తగ్గిస్తుంది కాబట్టి అలాగే ఉంచడం మేలు. "చీకట్లో" అంటే మరీ నల్లబడిపోతుంది.

ఇరవై ఏడో ఏట ఇంత రాసినవాడు ఆ తరవాత నాటకరంగంలో ఎందుకు నిలవలేదు? రాజకీయాలు లాగేశాయని జీవితచరిత్రలు చెబుతాయి. 1919లో బతంగాస్ నుంచి ప్రతినిధుల సభకి ఎన్నికయ్యారు, అది నిజమే. కానీ ఆయన కవిత్వం, వ్యాసం వదిలిపెట్టలేదు. 1929లో కూడా "మొన్రోయిస్మో ఆసియాతికో" అనే వాదవ్యాసాల పుస్తకం స్పానిష్‌లోనే తెచ్చారు. జపాన్ ఆసియాలో పెద్దన్న పాత్ర పోషించడం గురించి రాజనీతి ఆచార్యుడు మాక్సిమో కలావ్‌తో జరిపిన వాదన అది. ఆగిపోయింది నాటకమే. దానికి కారణం రచయితలో వెతికితే దొరకదు, హాల్లో వెతకాలి.

కవితకి ఒక పాఠకుడు చాలు, అతను ఇరవై ఏళ్ల తరవాత వచ్చినా కవిత అలాగే ఉంటుంది. నాటకానికి అలా కుదరదు. ఆ భాష చెవికి అలవాటైనవాళ్లు కొన్ని వందలమంది ఒకే సాయంత్రం ఒకే చోట కూర్చోవాలి. దానికంటే ముందు ఆ భాషలో కోపం, ఏడుపు, వెటకారం తడుముకోకుండా పలికే నటులు అరడజనుమంది దొరకాలి. వాళ్లకి తెర లాగే మనిషి, వేదిక ముందు గూట్లో కూర్చుని మాట అందించే మనిషి, ఆ భాషలోనే ప్రకటన వేసే పత్రిక, మర్నాడు సమీక్ష రాసే విలేకరి ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ప్రదర్శన ఆగుతుంది. 1898కి ముందు స్పెయిన్ బృందాలు ఓడెక్కి వచ్చేవి. సూయజ్ కాలువ 1869లో తెరిచాక ఆ ప్రయాణం నెలల నుంచి వారాలకి తగ్గింది. పాలన మారాక ఆ రాకపోకలు పలచబడ్డాయి. ఇంగ్లీషు బడుల్లో చదివిన పిల్లలు 1920లకి టిక్కెట్టు కొనే వయసుకొచ్చారు, వాళ్లు బోదబిల్ అనే అమెరికన్ తరహా ఆటపాటల ప్రదర్శనకీ, సినిమాకీ వెళ్లారు. నవలకి, కవితకి బహుమతులు పెట్టి నిలబెట్టగలిగారు. ఎన్రికె సోబెల్ 1920లో స్థాపించిన ప్రేమియో సోబెల్ పురస్కారం ఆ పని చాలా ఏళ్లు చేసింది. బహుమతి రచయితని పుట్టిస్తుంది గాని నిండిన హాలుని పుట్టించదు. ఫిలిప్పీన్ స్పానిష్ ప్రక్రియల్లో నాటకం అన్నిటికంటే ముందు ఊపిరి కోల్పోయింది ఇందుకే.

మిగిలింది 1945లో పోయింది. ఫిబ్రవరి 3 నుంచి మార్చి 3 వరకు జరిగిన మనీలా యుద్ధంలో సుమారు లక్షమంది పౌరులు చనిపోయారు. నేలమట్టమైన ఇంత్రామూరోస్, ఎర్మీతా, మలాతే పేటలే స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోట్లు. గ్రంథాలయాలు, పత్రికల పాత సంచికలు, ఇళ్లలోని సంగ్రహాలు కాలిపోయాయి. ఫిలిప్పీన్ స్పానిష్ నాటకాలు వెతికేవాళ్లకి ప్రదర్శన వివరాలు తక్కువ దొరకడానికి, ఒకే నాటకానికి వేరువేరు చోట్ల వేరువేరు సంవత్సరాలు కనిపించడానికి పెద్ద కారణం ఈ నెల రోజులే. "లా రూతా దె దమాస్కో" సంవత్సరం గురించి పుస్తకాలు ఒకదానితో ఒకటి కలవవు. అందుకే పైన దశకం చెప్పి వదిలేశాను.

రెక్తో మాత్రం ఈలోగా మరో వేదిక ఎక్కారు. ఇంగ్లీషు ఆయనకి మూడో భాష, పెద్దయ్యాక పట్టుబట్టి సాధించుకున్న భాష. 1934 జూలై 30న 202 మంది సభ్యులతో కూడిన రాజ్యాంగసభకి అధ్యక్షుడయ్యారు. సభ రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజు 1935 ఫిబ్రవరి 8, ఆయన నలభై అయిదో పుట్టినరోజు. మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. అందులో ఒక వాక్యం ఉంది, చట్టం మరోలా చెప్పేదాకా ఇంగ్లీషు, స్పానిష్ అధికార భాషలుగా కొనసాగుతాయని. పక్కనే, స్థానిక భాషల్లో ఒకదాని ఆధారంగా జాతీయ భాషని పెంపొందించాలన్న ఆదేశమూ ఉంది. "ఎలోహియో దెల్ కస్తెల్యానో", స్పానిష్ భాషా స్తుతి, రాసిన కవి అధ్యక్షత వహించిన సభ ఇది. తన భాష "చట్టం మరోలా చెప్పేదాకా" బతుకుతుందని ఆయన అధ్యక్షతనే రాసుకున్నారు.

ఆ తరవాతి పదవులు వేగంగా చెప్పుకోవచ్చు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి, 1941లో దేశమంతటా అందరికంటే ఎక్కువ ఓట్లతో సెనేటరు, జపాన్ ఆక్రమణలో విద్యాశాఖ, ఆపై విదేశాంగశాఖ. శత్రువుతో చేతులు కలిపారని దానిమీద వచ్చిన ఆరోపణకి సమాధానంగా 1946లో పుస్తకం రాశారు, ఇంగ్లీషులో. 1951 ఏప్రిల్ 17న ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో "మన బిచ్చగాడి విదేశాంగ విధానం" అనే ప్రసంగం, అదీ ఇంగ్లీషులోనే. అమెరికా మీద ఆధారపడే అలవాటు గురించి 1917లో ఒక ఇంటిని చూపించి రాసినవాడు, ముప్పై నాలుగేళ్ల తరవాత దేశాన్ని చూపించి చెప్పిన మాట అది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ నాటకాలు 1950ల మధ్యలో మనీలాలో మళ్లీ ఆడి మంచి పేరు తెచ్చుకున్నాయి. అప్పుడాయన సెనేటులో ఉచ్చస్థితిలో ఉన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే 1956 జూన్ 12న రిపబ్లిక్ చట్టం 1425 వచ్చింది. రిజాల్ నవలలు "నోలి మె తాంగెరే", "ఎల్ ఫిలిబుస్తెరిస్మో" ప్రతి బడిలో, కళాశాలలో చదివించాలన్న చట్టం. మూల రచయిత రెక్తో, సభలో ప్రవేశపెట్టి నడిపింది హోసే లవురెల్. కాథలిక్ చర్చి గట్టిగా ఎదిరించింది. మతవిశ్వాసం అడ్డొస్తుందని ప్రమాణపూర్వకంగా రాసిచ్చినవాళ్లకి మినహాయింపు పెట్టి రాజీపడ్డారు. చట్టపాఠం చదివితే భాష కథ మొత్తం అందులో కనిపిస్తుంది. కళాశాలల్లో మూలప్రతి లేదా కోతలు లేని ప్రతి "లేదా వాటి ఇంగ్లీషు అనువాదం" వాడాలంటుంది. గ్రంథాలయాల్లో చాలినన్ని ప్రతులుండాలి, తగలోగ్‌లోకీ ముఖ్యమైన ఇతర భాషల్లోకీ అనువదించి చౌకప్రతులు పల్లెల్లో ఉచితంగా పంచాలి, దీనికి 3 లక్షల పెసోలు. స్పానిష్‌లో నాటకాలు రాసిన మనిషి, స్పానిష్ రాని దేశానికి స్పానిష్ నవలలు ఎలా చేర్చాలో లెక్కకట్టి రాసిన పత్రమది.

స్పానిష్‌ని చట్టంతో నిలబెట్టే ప్రయత్నమూ అప్పుడే జరిగింది. 1952లో కళాశాలల్లో తప్పనిసరి, 1957లో కొన్ని కోర్సులకి 24 యూనిట్లు, అంటే క్రెడిట్లు. ఫలితం వికటించింది. మాట్లాడే చోటు లేని భాషని పరీక్ష కోసం బట్టీ పట్టిన విద్యార్థులకి దానిమీద విసుగు పుట్టింది. 1967లో 12 యూనిట్లకి తగ్గించారు. 1987 రాజ్యాంగం అధికార హోదా తీసేసి, ఇష్టమైనవాళ్లు నేర్చుకోవచ్చని వదిలేసింది.

1957లో అధ్యక్ష పదవికి పోటీచేసి నాలుగో స్థానంలో నిలిచారు రెక్తో. 1960లో ప్రభుత్వం సాంస్కృతిక రాయబారిగా యూరప్, లాటిన్ అమెరికాలకి పంపింది. స్పెయిన్‌లో వరుస ఉపన్యాసాలున్నాయి. ఆ దారిలో, అక్టోబరు 2న, రోములో గుండెపోటుతో మరణించారు. స్పానిష్ అర్థమయ్యే హాలు చేరడానికి కొన్ని రోజుల దూరంలో.

ఇక తెలుగులోకి తెచ్చుకోవాలనుకునేవాళ్ల కోసం. ఫిలిప్పీన్స్‌లో కాపీరైటు రచయిత మరణం తరవాత 50 ఏళ్లు, కాబట్టి రెక్తో రచనలకి 2010 చివరికి తీరింది. మన దేశంలో 60 ఏళ్లు, ఆ లెక్కన చూసినా 2020 చివరితో సరి. రిజాల్ 1896లోనే పోయారు. మూలం నుంచి అనువదించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంగ్లీషు లేదా తగలోగ్ అనువాదం ఆధారంగా చేస్తే మాత్రం ఆ అనువాదకుడి హక్కు విడిగా ఉంటుంది, అది చూసుకోవాలి.

మొదట చేతపట్టాల్సింది రిజాల్ దేవతల సభ. చిన్నది, వచనం, పాత్రలు తెలిసినవి. ఆ కాలపు స్పానిష్ నాటకం ముద్రణలో మనవాళ్లని తికమకపెట్టేది "ఎస్సేనా" అన్న మాట. రంగం అనుకుని చదివితే ఒక అంకంలో పదీ పదిహేను రంగాలు కనిపించి, ఇన్నిసార్లు సెట్టు ఎలా మార్చారబ్బా అనిపిస్తుంది. సెట్టు మారదు. ఒక పాత్ర లోపలికి వచ్చినా, బయటికి వెళ్లినా కొత్త ఎస్సేనా అంకె వేస్తారు, అంతే. సెట్టు మారితే "క్వాద్రో" అంటారు. "మూతిస్" అంటే నిష్క్రమణ, "అపార్తే" అంటే స్వగతం, "తెలోన్" తెర. కుడి, ఎడమ అన్నప్పుడు నటుడి కుడి ఎడమలని చాలా ప్రతుల్లో మొదటే రాస్తారు. అది వదిలేస్తే రంగస్థల పటం మొత్తం అద్దంలో బొమ్మయిపోతుంది.

సంబోధన దగ్గర తెలుగుకి ఇంగ్లీషు కంటే అదృష్టం ఎక్కువ. "తూ" అంటే నువ్వు, "ఉస్తెద్" అంటే మీరు. ఉస్తెద్ అంటూ వచ్చిన పాత్ర హఠాత్తుగా తూ అన్నదంటే అక్కడే నాటకం మలుపు తిరిగినట్టు, ఇంగ్లీషులో అది కనిపించదు. కానీ ఒక ఉచ్చు ఉంది. ఆ కాలపు స్పానిష్ నాటకాల్లో భార్యాభర్తలు సాధారణంగా ఒకరినొకరు తూ అనే పిలుచుకుంటారు. 1917 అనగానే మన నాటకాల అలవాటుతో భార్య నోట "ఏమండీ, మీరు" పెట్టామంటే మూలంలో లేని ఎత్తుపల్లం మనమే తవ్వినట్టవుతుంది. చుట్టరికాల దగ్గర దీనికి ఎదురు చిక్కు. "కున్యాదా" ఒకే మాట, తెలుగులో అది వదినా మరదలా తేల్చుకోవాలి. "తీయో" బాబాయా, పెదనాన్నా, మామయ్యా అన్నది పాత్రల జాబితా, వయసులు, ఇంటిపేర్లు చూసి ముందే ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకున్నాక మొదలుపెట్టాలి. మూడో అంకంలో దొరికే ఒక్క వాక్యం మొదటి అంకంలో పెట్టిన పిలుపులన్నీ తప్పని తేల్చగలదు.

ఇంటిపేరు సంగతే పుస్తకం వెతికేటప్పుడూ అడ్డొస్తుంది. స్పానిష్ పద్ధతిలో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లిది తరవాత, క్లారో రెక్తో ఇ మాయో. అమెరికన్ పద్ధతిలో తల్లి ఇంటిపేరు మధ్యలోకి వచ్చి పొడి అక్షరంగా మారింది, క్లారో ఎం. రెక్తో. స్పానిష్ అలవాటుతో కాటలాగు తయారుచేసినవాళ్లు చివరి మాటని తల్లి ఇంటిపేరనుకునే ప్రమాదం ఉంది, అమెరికన్ అలవాటువాళ్లు పాత ప్రతి మీది "మాయో"ని అసలు ఇంటిపేరనుకోవచ్చు. రెక్తో, రెక్తో ఇ మాయో, మాయో మూడింటి కిందా వెతకాలి. నాటకం పేరుని స్వరచిహ్నంతో ఒకసారి, లేకుండా ఒకసారి.